గీత దాటిన మనిషి: ఒంగోలు క్లౌ దొరగారి జీవితం

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, మొదట బడి రోజుల ముచ్చట్లు రాద్దామనుకున్నాను. కాని అవి నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసినది మట్టిపని, కొలతలు, బిల్లులు. అందుకే ఆ పని తెలిసిన ఒక పాతకాలపు మనిషి గురించి రాస్తున్నాను. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ. మన తాతల కాలంలో అందరూ క్లౌ దొరగారు అనేవారు. ఒంగోలులో క్లౌపేట, క్లౌ ఆసుపత్రి ఆయన పేరుతోనే ఉన్నాయి.

సండే స్కూలుకు వెళ్లిన మనవాళ్లకు ఆయన పేరుతో పాటు ఒక అంకె కూడా గుర్తుంటుంది. 2,222. ఒక్కరోజులో అంతమంది బాప్తిస్మం పొందారని మనం పిల్లలుగా నోరు తెరుచుకుని విన్నాం. అయితే ఆ రోజుకు ముందు పదిహేను నెలలు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా భయంతో ఆగిపోయారన్న సంగతి అంతగా చెప్పుకోరు. నాకు ఆ పదిహేను నెలలే ముఖ్యం అనిపిస్తాయి. దేవుని పిలుపు విన్నవాడికి భయం ఉండదనీ, సందేహం రాదనీ మనం అనుకుంటాం. క్లౌగారి జీవితం అలా లేదు.

సుద్దముక్కతో గీసిన గీత

ఆయన 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ అనే ఊళ్లో పుట్టారు. పిల్లవాడుగా ఉన్నప్పుడే కుటుంబం పడమటి రాష్ట్రాలకు తరలిపోయింది. కలిగిన కుటుంబం కాదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులోనే మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూముల సర్వే జట్టులో చేరి, గొలుసు లాగడం దగ్గర మొదలుపెట్టి సర్వే పని అంతా నేర్చుకున్నారు. చేతిలో కొంత డబ్బు చేరాక లాయరు కావాలన్న ఉద్దేశంతో అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో చదువుకు చేరారు.

అప్పటికి ఆయనకు భక్తి మీద గురి లేదు. గదిలో తోడుగా ఉన్న విద్యార్థి రోజూ మోకరించి ప్రార్థన చేస్తుంటే చిరాకు పడి, గది మధ్యలో నేల మీద సుద్దముక్కతో గీత గీశారట. ఆ పక్క నీ ఇష్టం, ఈ పక్క మాత్రం ప్రార్థనల ఊసే వద్దని షరతు. సర్వే చేసేవాడికి హద్దు గీయడం కొత్త కాదు కదా! కొన్నాళ్లకు ఆ గీతను ఆయనే దాటారు. విశ్వాసంలోకి వచ్చారు. లాయరు ఆలోచన పక్కకు పోయింది. అయితే విదేశాలకు సేవకుడుగా వెళ్లాలన్న పిలుపు ఒక్కసారిగా తేలిపోలేదు. పెళ్లయింది, చదువు ఇంకా మిగిలి ఉంది, చేతిలో డబ్బు లేదు. నీకు తగిన పని ఇదేనా అని తనను తానే చాలాసార్లు ప్రశ్నించుకోవలసి వచ్చింది. చివరికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి ముందుకు వెళ్లినప్పుడు, వాళ్లు పంపకపోతే మరో దారి చూసుకుని అయినా వెళ్తాననే స్థితికి చేరుకున్నారు.

ఒంటరి నక్షత్రం

ఆయనను పంపిన చోటు పేరున్న చోటేమీ కాదు. నెల్లూరులో ఆ మిషన్ 1840లో పని మొదలుపెట్టింది. ఎన్నేళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. మ్యాపు మీద ఒంటరిగా ఉన్న చుక్క కాబట్టి లోన్ స్టార్ మిషన్ అనే పేరు స్థిరపడింది. అక్కడ పనిచేసిన లైమన్ జ్యూవెట్ మాత్రం ఒప్పుకోలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు, ఒంగోలు పక్కన ఉన్న కొండెక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. తరవాత ఆ గుట్ట ప్రార్థన కొండ అయింది.

ఆ రోజున క్లౌ ఇంకా పద్దెనిమిదేళ్లు నిండని కుర్రవాడు. పదేళ్లు దాటాక, 1864 చివర్లో, అదే జ్యూవెట్‌గారితో కలిసి క్లౌ దంపతులు చిన్న తెరచాప ఓడ ఎక్కి, నెలల తరబడి ప్రయాణించి 1865లో మద్రాసు చేరారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఖాళీ అయిన బడి

ఒంగోలులో తొలి పరీక్ష బడి రూపంలో వచ్చింది. ఊళ్లోని పై కులాల పెద్దలు తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని అడిగారు. క్లౌగారు సంతోషించి బడి తెరిచారు. పెద్దల ఆదరణ దొరికితే తక్కిన జనమంతా వాళ్ల వెనకే వస్తారన్నది ఆ రోజుల్లో చాలామంది మిషనరీల లెక్క. ఆయనదీ అదే లెక్క.

ఇంతలో లెక్క తారుమారయింది. ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరంలోని ఒక ఊరి నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి వచ్చారు. మాదిగ కులస్థుడు. అంతకుముందు యోగమార్గంలో గురువుల దగ్గర దేవుణ్ణి వెతికినవాడు. వ్యాపారం పని మీద ఏలూరు వెళ్లినప్పుడు క్రీస్తు గురించి విని, అడిగి తెలుసుకుని, భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం పొందారు. తరవాత క్లౌగారు ఆ ఊరు వెళ్తే, పేరయ్య మాట విని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఎదురుచూస్తున్నారు. కొద్ది రోజుల్లోనే 28 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లందరూ మాదిగలే.

ఈ కబురు ఒంగోలు చేరగానే పెద్దలు వచ్చి స్పష్టంగా చెప్పేశారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారు. క్లౌగారు నిజంగా ఇరుకున పడ్డారు. బడి పోతుంది, ఊళ్లో పరపతి పోతుంది, పై వర్గాలకు సువార్త దారి మూసుకుపోతుంది. అలాగని నలభై మైళ్లు నడిచి వచ్చినవాళ్లను గుమ్మంలోనే ఆపేయడానికి మనసు ఒప్పలేదు. ఆ రోజున ఆయన తన గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం కనిపించింది. లోకం లెక్కలో బలహీనులను, నీచులని ఎంచబడినవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. పక్క గదిలో ఆయన భార్య హారియెట్‌గారు కూడా అదే సమస్యతో బాధపడుతూ తన బైబిలు తెరిస్తే అదే పుట వచ్చింది. దాన్ని కాకతాళీయం అనేవాళ్లు అనవచ్చు. ఆ దంపతులు మాత్రం జవాబుగా తీసుకున్నారు. గుమ్మం తెరిచి ఉంచారు. పై కులాల పిల్లలు వెళ్లిపోయారు, బడి ఖాళీ అయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ నిర్ణయంలో క్లౌగారు పోగొట్టుకున్నది ఒక బడిని, కొంత పరపతిని. పల్లెల్లో విశ్వాసంలోకి వచ్చినవాళ్లు ఒడ్డినది అంతకన్నా పెద్దది. చచ్చిన పశువుల మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలను పూజించకూడదు అని వాళ్లకు మూడు నియమాలు. వినడానికి చిన్నవే. కాని ఊరి జాతరలో డప్పు కొట్టనంటే, ఆదివారం పొలం పనికి రానంటే ఏమవుతుందో పల్లెటూరి జీవితం తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. కూలి ఆగిపోతుంది, దెబ్బలు పడతాయి, అబద్ధపు కేసులు వస్తాయి. భయం లేక కాదు, భయపడుతూనే వాళ్లు నిలబడ్డారు. క్లౌగారి చరిత్రలో వీళ్లలో చాలామంది పేర్లు మనకు దక్కలేదు.

మూడున్నర మైళ్ల కాలువ

1876లో వానలు లేవు. మరుసటి ఏడూ అంతే. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే కరువు అదే. మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనులు మొదలుపెట్టింది. సముద్రతీరం వెంట బకింగ్‌హాం కాలువ తవ్వకం అందులో ఒకటి. పనికి వెళ్లిన పేదలకు అక్కడ మేస్త్రీల చేతిలో సరైన కూలి అందడం లేదనీ, దెబ్బలు తింటున్నారనీ క్లౌగారికి తెలిసింది. ఆయన ఫిర్యాదులు రాస్తూ కూర్చోలేదు. మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తానే తీసుకున్నారు.

కుర్రతనంలో మిన్నెసోటాలో నేర్చుకున్న సర్వే అప్పుడు అక్కరకు వచ్చింది. పిలుపు రాకముందు వృథాగా గడిచాయనుకున్న సంవత్సరాలు వేల మందికి అన్నం పెట్టాయి. రాజుపాలెం దగ్గర తాటాకు పాకలు వేయించారు. నీళ్లకు బావులు తవ్వించారు. బోధకులు పని చూసే మేస్త్రీలయ్యారు. మట్టిపని చేయించినవాళ్లకు ఒక సంగతి తెలుసు. తవ్విన గుంట కొలిచి, కొలతకు సరిపడా డబ్బు లెక్కపెట్టి కూలివాడి చేతిలో పెట్టడం చిన్న పని కాదు. నీరసించిన మనిషి రోజుకు ఎంత తవ్వగలడు? అతన్ని తరమకుండా, పని ఆగకుండా, లెక్క తప్పకుండా చూడాలి. ఆ పని జరిగింది. పొద్దుగూకాక అలసి కూర్చున్నవాళ్ల మధ్య బోధకులు కూర్చుని, భారం మోసి అలసినవాళ్లను తన దగ్గరికి పిలిచిన క్రీస్తు సంగతి చెప్పేవారు.

వేల మంది బాప్తిస్మం అడిగారు. అప్పుడే క్లౌగారిని పెద్ద సందేహం పట్టుకుంది. వీళ్లు వస్తున్నది క్రీస్తు కోసమా, కూలి కోసమా? ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే అది ధర్మమేనా? రేపు కరువు పోయాక వీళ్లు ఉంటారా? ఆ భయంతో పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయన్ను తప్పు పట్టలేం. డబ్బు చేతిలో ఉన్నవాడికి ఉండవలసిన భయమే అది. తన దగ్గరున్న బియ్యం మూట దేవుని పేరును కొనేయకూడదన్న జాగ్రత్త.

గుండ్లకమ్మ ఒడ్డున

1878లో కరువు సహాయం పనులు ముగిశాయి. ఇక పంచడానికి డబ్బు లేదు. క్లౌగారు ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో బోధకులను, విశ్వాసులను కలుసుకోవాలనుకున్నారు. తీరా చూస్తే బాప్తిస్మం కోసం వేల మంది వచ్చేశారు. ఇక సహాయం లేదని ఆయన ముందే చెప్పారు. ఇప్పుడు వచ్చినా ఏమీ దొరకదని నచ్చజెప్పి తిప్పి పంపబోయారు. వాళ్లు కదలలేదు. తమకు డబ్బు వద్దని, కరువులో తమవాళ్లు చాలామంది పోయారని, తాము పోయేలోపు క్రీస్తు పేరు ధరించాలని బతిమాలారు.

ఆయన సందేహం అప్పటికీ పూర్తిగా తీరి ఉంటుందని నేను అనుకోను. అంతమంది మనసుల్లో ఏముందో ఏ మనిషి కొలవగలడు? కాని కాదనడానికి ఆయన దగ్గర ఇక కారణం మిగల్లేదు. కూలి లేదు, బియ్యం లేదు, అయినా మనుషులు ఉన్నారు. ఆయన గీత దాటారు.

ఒక్కొక్కరినీ వాళ్ల ఊరి బోధకుడు గుర్తుపట్టి, విచారించిన తరవాతే ఏటిలోకి దించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. బాప్తిస్మం ఇచ్చింది క్లౌగారు కాదు. తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. దొరగారు ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశారు. ఆ వేసవిలో మొదలై ఏడాది చివరికి మొత్తం 9,606 మంది చేరారు.

అమెరికాలోనూ, ఇక్కడి తక్కిన మిషన్లలోనూ విమర్శలు వచ్చాయి. తొందరపడ్డారన్నారు. దానికి జవాబు తరవాతి సంవత్సరాలు చెప్పాయి. కరువు పోయింది, పంటలు పండాయి, ఆ జనం మాత్రం సంఘం విడిచిపోలేదు. ఐదేళ్లు తిరక్కుండానే ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటి, ప్రపంచంలోని పెద్ద బాప్టిస్టు సంఘాల్లో ఒకటయింది. పల్లె పల్లెకూ చిన్న బడులు వచ్చాయి. అక్షరం ముట్టుకోనివ్వని ఇళ్లలో పలక చేరింది. 1867లో ఖాళీ అయిన బడి అలా తిరిగి నిండింది. ఆయన అనుకున్న పిల్లలతో కాదు, దేవుడు పంపిన పిల్లలతో.

క్లౌగారు నలభై ఏళ్లకు పైగా తెలుగువాళ్ల మధ్య గడిపి, 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు.

మనకు మిగిలినది

ఈ జీవితాన్ని తిరగేసినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది. దేవుడు ఆయనకు ప్లాను అంతా ఒకేసారి చూపలేదు. ప్రతిసారీ ఒక్క అడుగు మాత్రమే కనిపించింది. సుద్దగీత దాటడం, ఓడ ఎక్కడం, గుమ్మం తెరిచి ఉంచడం, కాంట్రాక్టు పట్టడం, ఏటి ఒడ్డున సరే అనడం. ప్రతి అడుగులోనూ భయపడ్డారు. ఒక్కోసారి ఆ భయమే ఆయన్ను తప్పటడుగు వేయకుండా కాపాడింది. కాని భయాన్ని ఎప్పుడూ తన యజమానిని చేసుకోలేదు. సందేహం తీరేదాకా కదలనని ఒడ్డునే కూర్చుని ఉంటే వెల్లంపల్లి వచ్చిన జనం తిరిగి వెళ్లిపోయేవారు.

మనం చదువుకున్న తరగతి గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కులం చూసి చెప్పినవాళ్లు లేరు. ఆ బల్లలు అలా ఉండడానికి ఎక్కడో, ఎప్పుడో ఎవరో పరపతి పోగొట్టుకుని గుమ్మం తెరిచి ఉంచారు. ఇంకెవరో దెబ్బలు తిని ఆ గుమ్మం దాకా నడిచి వచ్చారు. మనకు పాఠాలు చెప్పిన గురువులు ఆ గుమ్మాన్ని మూతపడనివ్వలేదు. ఈ స్వర్ణోత్సవ వేళ వాళ్లందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

యాభై దాటిన మనలో చాలామందిమి ఇప్పుడు కొలతలు తీసేవాళ్లం, సంతకాలు పెట్టేవాళ్లం, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పగలిగిన కుర్చీల్లో ఉన్నవాళ్లం. మన ముందుకూ ఎవరో ఒకరు నడిచి వస్తారు. ఆ రోజున భయం వేస్తే వేయనిద్దాం. గుమ్మం మాత్రం మూయకుండా ఉందాం.