ఫిలిప్ హెన్రీ గాస్ దొరగారి చరిత్రము

మన హనుమాన్ జంక్షన్ నుండి కైకలూరు వైపునకు పోయినచో ఎటు చూచినను చేపల చెరువులే. చేపల పెంపకమును గూర్చి ఈ ప్రాంతపు బాలురకు నేర్పవలసినదేమున్నదని మేమనుకొనుచుంటిమి. మా తరగతిలోని అద్దపు తొట్టి మా గర్వమణచెను. తొట్టిలోని రాళ్లు పాచిపట్టియుండుట చూచి, రాళ్లను, శంఖములను, ఇసుకను ఒక్కనాడే బయటకు తీయించి, బ్రష్షుతో తోమించి, కొళాయినీటితో కడిగించితిమి. సబ్బు వాడలేదు, ఆ మాత్రము తెలిసినవారమే. తొట్టి క్రొత్తదానివలె మెరసెను. నాలుగవ నాటి ఉదయమున చేపలు ఐదును వెల్లకిల తేలియుండెను. పిల్లలు మా మొగము చూచిరి. మాకు చెప్పుటకేమియు తోచలేదు. కారణము వెదకుచు పుస్తకములు తిరుగవేయుచుండగా ఈ గాస్ దొరగారి చరిత్రము మాకు తటస్థపడెను.

ఆయన 1810వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన ఇంగ్లాండులోని వుస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి ఊరూర తిరుగుచు చిన్న చిన్న పటములు వ్రాసి పొట్టపోసికొను చిత్రకారుడు. సముద్రతీరమందలి పూల్ పట్టణమున పెరిగిన ఈ బాలుడు, పదునేడవయేట, 1827లో, న్యూఫౌండ్‌లాండు దీవికి పోయి ఒక వర్తకుని కచ్చేరిలో గుమాస్తాగా కుదిరెను. అచ్చట 1832లో సూక్ష్మదర్శినిని గూర్చిన పాత పుస్తకమొకటి కొనెను. ఆ పుస్తకమే ఆయన జీవితమును మలపెను. పిమ్మట కెనడాలో వ్యవసాయము చేసి నష్టపోయెను. అమెరికాలోని అలబామాలో కొన్ని నెలలు బడిపంతులుగా నుండెను. 1839లో స్వదేశము చేరి, లండను చెంత హాక్నీలో చిన్న పాఠశాల నడపెను. మా వృత్తివాడే యని మాకు కొంత అభిమానము కలదని ఒప్పుకొనుచున్నాము.

హాక్నీలో ఆయన బ్రదరన్ సమాజమున చేరెను. 1836లో మన దేశమునకు వచ్చి నరసాపురము ప్రాంతమున సువార్తసేవ చేసిన బౌడెన్, బీరు దొరలును ఆ సమాజమువారే. 1844 మొదలు 1846 వరకు జమైకాలో పక్షులను పరిశీలించి గ్రంథములు వ్రాసెను. 1848లో ఎమిలీ బోస్ అను విదుషిని వివాహమాడెను. మరుసటి యేట వారికి ఎడ్మండు అను కుమారుడు కలిగెను.

1852లో ఆరోగ్యము చెడగా ఆయన డెవన్ తీరమునకు పోయెను. అచ్చట ఆటుపోటుల నడుమ రాతి గుంటలలో నిలిచిన నీరును, అందలి జీవులను చూచి, వీనిని ఇంటిలోనుంచి చూచుటెట్లని యోచించెను. అంతకుమునుపు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలతో నీటిమొక్కలను చేర్చి, కుళ్లిన ఆకులను, పాచిని తినుటకు నత్తలను వదలి, మాటిమాటికి నీరు మార్చకయే చేపలను బ్రదికించెను. గాస్ దొర ఉప్పునీటిలో ఆ పని సాధించెను. సముద్రపు నాచునకు వేళ్లుండవు. అది రాతిని కరచుకొని బ్రదుకును. కావున దానిని పెరికి తెచ్చిన ప్రయోజనము లేదు. ఆయన సుత్తియు ఉలియు తీసికొనిపోయి, నాచుతో కూడ రాతిముక్కనే చెక్కి తెచ్చి తొట్టిలో నిలిపెడివాడు. అద్దముపై పట్టిన పాచిని గీకుటకు సముద్రపు నత్తలే ఆయన సేవకులు. అవి నాలుకతో పాచిని కోయు విధమును భూతద్దముతో గంటలకొలది చూచెడివాడట.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెరువబడగా, అందలి జీవులలో అనేకము ఆయన పంపినవే. 1854లో ది అక్వేరియం అను గ్రంథము ప్రకటించెను. ఆ పేరు లోకమంతట నిలిచినది. సముద్రమునకు దూరముగ నుండువారికొరకు లవణములు కలిపి ఉప్పునీరు చేయు విధమును తెలిపెను. 1856లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను.

1857 ఆయనకు గడ్డుసంవత్సరము. ఫిబ్రవరిలో ఎమిలీ కాన్సరు వ్యాధితో కన్నుమూసెను. అదే యేట భూగర్భశాస్త్రమును బైబిలుతో సమన్వయపరచుటకై ఆయన వ్రాసిన గ్రంథమును శాస్త్రజ్ఞులును మెచ్చలేదు, భక్తులును మెచ్చలేదు.

అంతకన్న చిత్రమైన దుఃఖము ఆయన పుస్తకముల విజయమువలననే కలిగెను. వానిని చదివిన జనులు బుట్టలతో, సుత్తులతో సముద్రతీరమునకు దండెత్తిరి. ఇంటింట తొట్టి నింపుటకై రాళ్లు బద్దలుకొట్టిరి. ఆయన మోకాళ్లపై వంగి కుమారునికి చూపిన గుంటలు కొలది సంవత్సరములలో బోసిపోయినవి. ఇది తండ్రికి మిక్కిలి మనస్తాపము కలిగించెనని ఎడ్మండు 1907లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. ఆ తీరమును అంతగా ప్రేమించినవాడు మరియొకడు లేడు. దాని దోపిడికి దారి చూపినవాడును ఆయనయే. దీనికి ఆయనను నిందింపవలెనో జాలిపడవలెనో మేము తేల్చుకొనలేకున్నాము.

ఆయన 1888 ఆగస్టు 23వ తేదీన మరణించెను. రెండు సంవత్సరముల పిమ్మట, 1890లో, వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు మా చేపల మరణమునకు కారణమును తెలియజేయు సంగతి కనుగొనెను. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని క్రమముగా నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు కలవు. తొట్టిలో అవి రాళ్లపైనను ఇసుకపైనను నివసించును. గాస్ దొర వానిని ఎరుగడు. కాని రాతిని దాని జీవముతో కూడ తెచ్చుటచే ఎరుగకయే వానిని కాపాడెను. మేము బ్రష్షుతో తోమించి, కొళాయినీటిలోని క్లోరిన్‌తో చంపించినది వానినే.

ఇప్పుడు మా తరగతిలో తొట్టినుండి తీసిన పాతనీటిని బకెట్టులో పోసి, అందులోనే రాళ్లను మెల్లగా జాడించుచున్నారు. ఒకసారి సగము రాళ్లు మాత్రమే; తక్కినవి రెండువారముల తరువాత. కృష్ణ ఒడ్డునుండి తెచ్చిన క్రొత్తరాళ్లపై మొదట నిమ్మరసపు చుక్కలు వేసి చూతురు. నురుగు పొంగినచో అందు సున్నము కలదు. అట్టి రాయి నీటి కాఠిన్యమును పెంచును. బందరు తీరపు గవ్వలును అట్టివే గనుక ఒకటి రెండు మించనీయము. తుప్పుచారలు గలవానిని పారవేయుదురు. మిగిలిన క్రొత్తరాళ్లను సబ్బు తగులని బ్రష్షుతో తోమి, వేడినీరు పోసి కడుగుదురు. పొయ్యిమీద ఉడికించుట మాత్రము నిషేధించితిమి; లోపల చిక్కిన తేమ ఆవిరియై రాయి పగిలి కన్నులకు తగులవచ్చును. రంగు పెచ్చులూడు బొమ్మలను తొట్టిలో వేయనీయము.

ఊరి చివర చెరువులవారు నీరు తీసి, అడుగు ఎండగట్టి, సున్నము చల్లుట చూచిన ఒక బాలుడు, తొట్టికిని అట్లే చేయరాదా యని అడిగెను. చెరువులో అప్పుడు చేపలుండవని రెండవ బెంచీలోని బాలిక మాకన్న ముందే బదులు చెప్పెను.