నింగిని, కడలిని కొలిచిన అగస్టే పికార్డ్



వార్షికోత్సవం వచ్చిందంటే వక్తృత్వ పోటీ తప్పదు. కత్తి గొప్పదా కలం గొప్పదా, పల్లె మేలా పట్నం మేలా అని ఏటా వాదించుకుంటూనే ఉంటాం. అలాంటి విషయమే మరొకటి ఉంది. ప్రభుత్వం దగ్గర డబ్బు కొంచెమే ఉన్నప్పుడు ముందు అంతరిక్ష పరిశోధనకు ఇవ్వాలా, సముద్ర పరిశోధనకు ఇవ్వాలా? ఈ విషయం ఇస్తే చప్పట్లు ఎక్కువగా అంతరిక్షం పక్షానికే పడతాయి. రాకెట్టు నిప్పులు కక్కుతూ పైకి లేవడాన్ని అందరం టీవీలో చూస్తాం. సముద్రంలో మునిగే యంత్రం మాత్రం నాలుగు బుడగలు వదిలి కనబడకుండా పోతుంది. దానికి చప్పట్లు కొట్టేదెవరు?

ఈ రెండు పనులూ చేసిన శాస్త్రవేత్త ఒకరున్నారు. మనుషులు అంతకు ముందు చేరని ఎత్తుకు వెళ్లారు, ఇరవై ఏళ్ల తర్వాత అంతవరకు ఎవరూ చేరని లోతుకూ వెళ్లారు. ఆయన పేరు అగస్టే పికార్డ్. మన వాదనలో ఏ పక్షం వహించాలో తేల్చుకునే ముందు ఆయన జీవితం తెలుసుకోవడం మంచిది.

బాల్యం, చదువు

పికార్డ్ 1884 జనవరి 28న స్విట్జర్లాండ్ దేశంలోని బాసెల్ నగరంలో జన్మించారు. కవలల్లో ఒకరు. రెండోవారి పేరు జాన్ ఫెలిక్స్. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యులు. అన్నదమ్ములిద్దరూ జ్యూరిక్‌లోని ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థలో చదివారు. అగస్టే యంత్రశాస్త్రం, జాన్ రసాయనశాస్త్రం తీసుకున్నారు.

స్విట్జర్లాండ్‌కు సముద్రమే లేదు, చుట్టూ కొండలే. అయినా విద్యార్థిగా ఉన్నప్పుడే పికార్డ్ మనసు సముద్రం మీదికి పోయింది. 1898-99లో జర్మనీ వారు వాల్డీవియా అనే ఓడలో సముద్రయానం చేసి, లోతుల్లో బతికే వింత జీవులను వలలతో పైకి లాగారు. ఆ యాత్ర గురించి పికార్డ్ చదివారు. పైకి వచ్చేసరికి ఆ ప్రాణులు చచ్చిపోయేవి. వాటిని పైకి లాగడం కాదు, మనిషే కిందికి వెళ్లి చూడాలి అని ఆయనకు అనిపించింది. గాలి చొరబడని గట్టి గోళంలో మనిషిని కూర్చోబెట్టి, దాన్ని నీటికంటే తేలికైన ద్రవం నింపిన పెద్ద తొట్టికి వేలాడదీస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. గాలిలో బెలూన్ ఏ సూత్రం మీద తేలుతుందో నీటిలో ఇదీ అదే సూత్రం మీద పనిచేస్తుంది. మనం హైస్కూల్లో చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే అది.

కానీ ఆ ఆలోచన వెంటనే నెరవేరలేదు. అంత డబ్బు పెట్టేవారు లేరు. పికార్డ్ చదువు పూర్తిచేసి భౌతికశాస్త్రంలో స్థిరపడ్డారు. 1922లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో విశ్వవిద్యాలయ ఆచార్యులయ్యారు.

ముందు ఆకాశం

ఆ రోజుల్లో భౌతికశాస్త్రంలో పెద్ద ప్రశ్న విశ్వకిరణాలు. అవి ఎక్కడో దూరం నుంచి భూమి మీదికి వస్తున్నాయి. వాతావరణం అడ్డుపడటం వల్ల కింద సరిగా కొలవడం కుదరదు. గాలి పలచగా ఉన్న చోటికి వెళ్లి కొలవాలి. అంత ఎత్తులో తెరిచిన బుట్టలో నిలబడ్డ మనిషి నిమిషాల్లో చనిపోతాడు. సముద్రం కోసం తాను ఊహించిన మూసిన గోళం అప్పుడు పికార్డ్‌కు గుర్తుకొచ్చింది. నీటికోసం అనుకున్నదాన్ని ముందు గాలిలో వాడారు.

బెల్జియంలో 1928లో స్థాపించిన జాతీయ శాస్త్ర పరిశోధన నిధి డబ్బు ఇచ్చింది. అందుకే ఆ బెలూన్‌కు ఆ నిధి పేరులోని పొడి అక్షరాలే పెట్టారు. బెలూన్ పరిమాణం 14,000 ఘనపు మీటర్లు. దాని కింద 2.1 మీటర్ల వ్యాసం గల అల్యూమినియం గోళం. లోపల ప్రాణవాయువు, విడిచిన గాలిని శుభ్రం చేసే రసాయనాలు.

1931 మే 27 తెల్లవారుజామున జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుంచి పికార్డ్, ఆయన సహాయకుడు పాల్ కిప్ఫర్ పైకి లేచారు. తలకు రక్షణగా వాళ్లు పెట్టుకున్నవి అల్లిన బుట్టలు, వాటిలో మెత్తలు! కొంత ఎత్తుకు పోగానే గోళానికి ఉన్న ఒక రంధ్రం గుండా గాలి బయటికి పోవడం మొదలైంది. వాజలీను పూసిన పీచును కుక్కి దాన్ని మూశారు. పైకి వెళ్లాక మరో గండం వచ్చింది. కిందికి దిగడానికి గ్యాసు వదిలే తాడు చిక్కుకుపోయింది. ఇక సాయంత్రం చల్లబడి బెలూన్ తనంతట తాను దిగే దాకా లోపలే ఉండాలి. గోళం ఎండకు కాగిపోయింది, తాగడానికి నీళ్లు చాలలేదు. రాత్రికి ఆస్ట్రియా కొండల్లోని ఒక హిమానీనదం మీద దిగారు. చనిపోయారని కింద అందరూ అనుకుంటుంటే మర్నాడు కొండ దిగుతూ కనిపించారు. వాళ్లు చేరిన ఎత్తు 15,781 మీటర్లు. ఎవరెస్టు శిఖరానికి దాదాపు రెట్టింపు. 1932 ఆగస్టు 18న మాక్స్ కోసిన్స్‌తో కలిసి మళ్లీ వెళ్లి 16,201 మీటర్లు చేరారు.

మూసిన గదిలో మామూలు గాలిని నింపుకొని మనిషి అంత ఎత్తులో బతకగలడని లోకానికి తెలిసింది. ఈనాటి విమానాలైనా అంతరిక్ష నౌకలైనా ఆ పద్ధతిమీదే మనుషులను తీసుకుపోతున్నాయి. కవల సోదరుడు జాన్ కూడా ఈ దారి పట్టారు. ఆయన భార్య జీనెట్ 1934లో బెలూన్‌ను తానే నడిపి 17 కిలోమీటర్లు దాటారు.

తర్వాత సముద్రం

ఆకాశంలో ఇంకా పైకి పోతూ రికార్డులు పెంచుకుంటే పికార్డ్‌కు పేరుకు లోటుండేది కాదు. కానీ ఆయన చిన్ననాటి ఆలోచనకే తిరిగి వచ్చారు. 1937లో సముద్రపు యంత్రం పని మొదలుపెట్టారు. దానికి బాతిస్కేఫ్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో లోతు ఓడ అని అర్థం. డబ్బు ఇచ్చింది మళ్లీ ఆ నిధే. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. యుద్ధం అయ్యాక తిరిగి మొదలైంది.

అంతకు ముందు 1934లో అమెరికాకు చెందిన బీబీ, బార్టన్‌లు ఇనుప గోళంలో 923 మీటర్లు దిగారు. కానీ అది ఓడ నుంచి తాడుతో వేలాడేది. తాడు తెగితే ఇక అంతే. పికార్డ్ యంత్రానికి తాడు లేదు. పైన తొట్టిలో పెట్రోలు. అది నీటికంటే తేలిక, లోతుకు పోయినా పెద్దగా కుంచించుకుపోదు. దిగడానికి బరువుగా ఇనుప గుళ్లు. ఆ గుళ్లను విద్యుదయస్కాంతం పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే గుళ్లు వాటంతటవే జారిపోయి యంత్రం పైకి తేలుతుంది. అంటే యంత్రం చెడిపోయినా మనిషి బతికి బయటపడేటట్లు ఏర్పాటు చేశారు.

1948లో ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గర దాన్ని పరీక్షించారు. పికార్డ్, ఫ్రెంచి శాస్త్రవేత్త మోనో కలిసి 25 మీటర్లు మాత్రమే దిగారు. తర్వాత మనుషులు లేకుండా పంపితే 1,380 మీటర్లకు వెళ్లి తిరిగి వచ్చింది. అయితే అలల తాకిడికి తొట్టి బాగా దెబ్బతింది. పత్రికలు ఎగతాళి చేశాయి. ఆకాశానికి వెళ్లినప్పుడు పూలదండలు వేసిన లోకమే సముద్రం దగ్గర నవ్వింది. అప్పటికి పికార్డ్ వయసు 64 ఏళ్లు. ఆ యంత్రాన్ని ఫ్రెంచి నౌకాదళం తీసుకుంది.

ఆయన మాత్రం ఆగలేదు. కొడుకు జాక్ అర్థశాస్త్రం చదువుకున్నాడు. తండ్రికి తోడుగా నిలిచాడు. ఇటలీలోని ట్రియెస్ట్ నగరం వారు, అక్కడి కర్మాగారాలు సాయం చేస్తే కొత్త యంత్రం తయారైంది. కృతజ్ఞతగా దానికి ఆ ఊరి పేరే పెట్టారు. 1953 సెప్టెంబరు 30న తండ్రీకొడుకులిద్దరూ ఇటలీ దగ్గర పోంజా దీవి సమీపంలో 3,150 మీటర్ల లోతుకు దిగారు. అప్పటికి తండ్రి వయసు 69.

1958లో అమెరికా నౌకాదళం ట్రియెస్ట్‌ను కొన్నది. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, అమెరికా అధికారి డాన్ వాల్ష్ పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో దాదాపు 10,916 మీటర్ల అడుగుకు చేరారు. అక్కడ బొటనవేలి గోరంత చోట ఒక టన్నుకు పైగా నీటి బరువు పడుతుంది. దిగుతుండగా ఒక కిటికీ చీలిక ఇచ్చింది. అయినా అడుగున ఇరవై నిమిషాలుండి క్షేమంగా తిరిగి వచ్చారు. విద్యార్థిగా తండ్రి కన్న కల అలా తీరింది. 1961లో గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లడం కూడా పికార్డ్ చూశారు. 1962 మార్చి 24న లోసాన్‌లో తన 78వ ఏట కన్నుమూశారు.

ఆ తర్వాత ఏమైంది?

ఇక్కడే మన వక్తృత్వ పోటీ విషయం మళ్లీ వస్తుంది. 1960 తర్వాత లోకమంతా ఆకాశం వైపు తిరిగింది. 1969 నుంచి 1972 లోపు పన్నెండు మంది చంద్రుడి మీద నడిచారు. 2012 నాటికి అంతరిక్షానికి వెళ్లినవారు ఐదు వందలు దాటారు. మరియానా అగాధానికి మాత్రం 52 ఏళ్లపాటు మనిషి ఎవరూ తిరిగి వెళ్లలేదు. 2012లో సినిమా దర్శకుడు జేమ్స్ కామెరాన్ వెళ్లాకే ఆ లెక్క మూడుకు చేరింది. 2025 నాటికి కూడా ప్రపంచ సముద్రాల అడుగు భాగంలో సరిగా కొలిచి పటం గీసింది నాలుగో వంతు కంటే కొంచెమే ఎక్కువ.

దీనివల్ల మనకేం నష్టం అనుకోకండి. 2004 డిసెంబరు 26 గుర్తుంది కదా. సునామీ మన దేశంలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి మన దేశం ఉపగ్రహాన్ని పంపి 29 ఏళ్లు అయింది. శ్రీహరికోట నుంచి రాకెట్లు వెళ్తూనే ఉన్నాయి. ఆకాశంలో మనకు కళ్లున్నాయి. హిందూ మహాసముద్రం అడుగున మాత్రం ముందుగా హెచ్చరించే పరికరం ఒక్కటీ లేదు. పోయినవారిలో ఎక్కువమంది తీరంలో గుడిసెల్లో బతికే బెస్తవారు, కూలివారు. మనలాంటి ఇళ్లవాళ్లే.

ఆ తర్వాత 2007లో హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అది పనిచేసే తీరు చూడండి. సముద్రం అడుగున పెట్టిన పరికరం పైన ఉన్న నీటి బరువులో తేడాను పసిగడుతుంది. ఆ కబురును శబ్దంగా పైన తేలే బోయాకు పంపుతుంది. బోయా ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం నుంచి హైదరాబాదుకు చేరుతుంది. అందులో సముద్రం ఉంది, ఆకాశమూ ఉంది. ఒకటి లేకపోతే రెండోది పనికిరాదు.

2021లో కేంద్ర ప్రభుత్వం 4,077 కోట్ల రూపాయలతో లోతు సముద్ర పరిశోధన పథకాన్ని ఆమోదించింది. దానిలో భాగంగా ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 రూపొందింది. మనుషులు కూర్చునే టైటానియం గోళం లోపలి వ్యాసం 2.1 మీటర్లు. తొంభై ఏళ్ల కిందట పికార్డ్ ఆకాశానికి తీసుకెళ్లిన గోళం కొలతే! దాని తయారీలో మన ఇస్రో శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్నారు. సముద్రం కోసం పుట్టిన ఆలోచన నాడు ఆకాశానికి దారి చూపింది. ఆకాశంలో నేర్చిన పనితనం నేడు సముద్రానికి సాయపడుతోంది.

అందుకే తమ్ముళ్లూ, ఈ విషయం మీద పోటీ పెడితే నేను సముద్రం పక్షానే నిలబడతాను. అంతరిక్షం వద్దని కాదు. దాని డబ్బు తగ్గించమనీ కాదు. పంక్తిలో ఒక విస్తట్లో రెండుసార్లు వడ్డించి పక్క విస్తరిని ఖాళీగా వదిలేస్తే, మూడోసారి వడ్డన ఎక్కడ మొదలుపెట్టాలో హాస్టల్లో పెరిగిన మనకు ఒకరు చెప్పాలా? రెండు విస్తళ్ల ముందూ కూర్చున్న పికార్డ్ కూడా ఆకాశంలో పేరు సంపాదించాక ఆ ఖాళీ విస్తరి వైపే తిరిగారు.

పది పాసయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలా అని తలపట్టుకునే తమ్ముళ్లకు ఒక్కమాట. పికార్డ్ ఆలోచనకు దాదాపు యాభై ఏళ్లు పట్టింది. మధ్యలో వేరే దారిలో నడిచారు, అక్కడ నేర్చినదంతా మొదటి దారికే పనికొచ్చింది. మీరు ఏది చదివినా శ్రద్ధగా చదవండి. మొదట మనసుకు తట్టిన ప్రశ్నను మాత్రం పారేసుకోకండి.

మన హాస్టల్ నుంచి ఒకరు శ్రీహరికోటకు, ఒకరు సముద్రం అడుగుకు వెళ్లాలని కోరుకుంటూ సెలవు.