కీర్తిశేషులు బూర్గుల రామకృష్ణారావుగారు

న్యాయవాదులై కీర్తి గడించి, హైదరాబాదు రాష్ట్ర శాసనసభయందు ఒక్క పర్యాయమే సభ్యులై, ఆ పర్యాయముననే ముఖ్యమంత్రి పదవి నలంకరించిన శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారి చరిత్రమును మన సంఘ సభ్యులకును పోషకులకును సంగ్రహముగా నివేదించుచున్నాము.

వీరు 1899 మార్చి 13వ తేదీన పాత మహబూబ్‌నగరు జిల్లాలోని పడకల్లు గ్రామమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఇంటిపేరు పుల్లమరాజు. అయినను స్వగ్రామమగు బూర్గుల పేరే లోకమున స్థిరపడెను. పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, హైదరాబాదున వకీలు వృత్తి నారంభించిరి. ఉర్దూ పారశీకములందు పండితులయ్యు మాతృభాషను మరువలేదు. సంస్థానమున తెలుగునకు ఆదరణము కరవైన దినములలో, 1931లో దేవరకొండ ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. పి. వి. నరసింహారావుగారు వీరియొద్దనే జూనియరుగా పనిచేసిరి.

1952లో షాద్‌నగరునుండి ఎన్నికై ముఖ్యమంత్రులైరి. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళనము చెలరేగి, పోలీసు కాల్పులలో కొందరు ప్రాణములు గోల్పోయిరి. వారి పాలనమునకు తగిలిన ఈ మచ్చను దాచుట మాకు సమ్మతము గాదు.

వారి పాలనమున జరిగిన గొప్ప కార్యము 1954 నాటి కౌలుదారీ చట్ట సవరణము. అందు చేర్చిన 38-ఇ విభాగము రక్షిత కౌలుదారునకు తాను దున్ను భూమిపై యాజమాన్యము కలుగుటకు దారి చూపెను. భూములు గల మనవారికి ఇది నష్టమే. అయినను న్యాయమెరిగిన వకీలు స్వజనుల లాభమునకై వెనుదీయలేదు. నేడు హైటెక్ సిటీ మేడలు లేచిన శేరిలింగంపల్లి ప్రాంతము ఆనాడు సేద్యపు పల్లెలు. రంగారెడ్డి జిల్లా భూవివాదములందు ఆ విభాగము పేరు న్యాయస్థానములలో నేటికిని వినబడుచున్నది.

1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము హైదరాబాదును కొంతకాలము వేరుగా నుంచుట మేలనెను. తుదకు విలీనమే నిశ్చయము కాగా, 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుష్యుల ఒప్పందముపై వీరును సంతకము చేసిరి. నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడగా వీరి పదవియు, ఆ శాసనసభయు ముగిసెను. పిదప కేరళకును ఉత్తరప్రదేశమునకును గవర్నరులై, 1967 సెప్టెంబరులో పరమపదించిరి.

శాసనసభలో గడపినది ఐదేండ్లకు లోపే. చేసిన శాసనము మాత్రము తరములు నిలిచినది. ఈ మేడలయందు ఉద్యోగములు చేయు మన యువకులు తమ కాలిక్రింది నేల చరిత్రము నెరిగి, పదవికంటె పని గొప్పదని గ్రహింతురుగాక యని కోరుచున్నాము.