కలం వదలని షోయబుల్లాఖాన్

నిజాం సంస్థానంలో ప్రభుత్వానికి నచ్చని పత్రిక నడపడమంటే కత్తిమీద సామే. ఆ సాములో ప్రాణాలర్పించిన ధీరుడు షోయబుల్లాఖాన్.

1920లో జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. సర్కారు కొలువు కోరకుండా 'తేజ్' అనే ఉర్దూ పత్రికలో చేరారు. ప్రభుత్వం దానిని నిషేధించింది. తర్వాత మందుముల నరసింగరావుగారి 'రయ్యత్'లో పనిచేశారు. అదీ నిషేధానికి గురైంది. అయినా వెనుదీయక, బూర్గుల రామకృష్ణారావుగారి ప్రోత్సాహంతో 1947 నవంబరులో స్వయంగా 'ఇమ్రోజ్' దినపత్రిక స్థాపించారు. ఆ మాటకు 'నేడు' అని అర్థం.

రజాకార్ల ఆగడాలను అందులో ఎండగట్టారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాశారు. సాటి ముస్లిమే ఇలా రాయడం వారికి మింగుడుపడలేదు. బెదిరింపులు వచ్చినా ఆయన కలం ఆగలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో దుండగులు ఆయనపై కాల్పులు జరిపి, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది కూడా గాయపడ్డారు. తెల్లవారేసరికి షోయబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్లు.

నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. తాను కోరిన ఆ రోజును ఆయన చూడలేకపోయారు. చేయి నరికినవారు మాత్రం ఆయన రాసిన మాటను ఆపలేకపోయారు. మనకు నచ్చని మాటనైనా ఓపికగా వినడమే ఆ అమరునికి నిజమైన నివాళి.