రత్నాల వెలుగులో రామన్ గారి విశ్రాంత జీవితం

సర్ సి.వి. రామన్ గారి పేరు వినగానే అందరికీ గుర్తుకు వచ్చేవి రెండు. ఒకటి 1928 ఫిబ్రవరి 28న ప్రకటితమైన రామన్ ఫలితం, రెండవది 1930లో వచ్చిన నోబెల్ బహుమతి. ఈ రెండూ ఆయన ఉద్యోగంలో ఉన్నప్పటి మాటలు. 1948లో పదవీ విరమణ చేసిన తర్వాత ఆయన మరో 22 సంవత్సరాలు జీవించారు. ఆ కాలంలో చాలా భాగం వజ్రాలు, ముత్యాలు, ఓపల్ రాళ్ళు, చంద్రకాంత శిలలు మొదలైన రత్నాల పరిశీలనలోనే గడిచింది. విశ్రాంత ఉద్యోగులమైన మనకు ఆయన జీవితంలో ఈ ఘట్టమే ఎక్కువగా తెలియవలసినది.

రామన్ గారు 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి వద్ద జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారు 1892లో విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాల అధ్యాపకులుగా చేరారు. అందువల్ల రామన్ బాల్యం, తొలి చదువు మన విశాఖ సముద్రతీరంలోనే సాగాయి. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఎ., ఎం.ఎ. పట్టాలు పొంది, ఫైనాన్స్ పరీక్షలో ప్రథముడిగా నిలిచి, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. మన సభ్యులలో అకౌంట్స్ శాఖలో పనిచేసిన వారు గర్వించదగిన విషయమిది. పగలంతా పద్దులు, ఫైళ్ళు. తెల్లవారుజామున, మళ్ళీ ఆఫీసు వదిలాక రాత్రి పొద్దుపోయేదాకా బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాల. పదేళ్ళు ఇలా గడిచాక, 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ఆచార్య పదవికి పిలిచింది. జీతం బాగా తగ్గుతుందని తెలిసీ సర్కారు కొలువు వదిలి వెళ్ళారు.

రామన్ ఫలితం సారాంశాన్ని రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. ఒకే రంగు గల కాంతిని ఒక పదార్థం గుండా పంపితే అందులో అతి స్వల్పభాగం రంగు మారి చెదురుతుంది. ఆ మార్పు పదార్థంలోని అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుపుతుంది. ఫలితం వెలువడిన కొద్దికాలానికే, 1930లో, రామన్ బృందంలోని సి. రామస్వామి, ఎస్. భగవంతం గార్లు ఈ పరీక్షను వజ్రం మీద చేశారు. భగవంతం గారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినవారు. తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా పనిచేశారు. వజ్రపు వర్ణపటంలో వారికి 1332 అనే సంఖ్య వద్ద సన్నని, స్పష్టమైన ఒకే ఒక గీత కనిపించింది. వజ్రం పూర్తిగా కర్బనమే. అందులోని పరమాణువులు రెండు జాలకాలుగా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఆ రెండు జాలకాలు ఒకదానికొకటి ఎదురుగా కంపించడమే ఆ గీతకు మూలం.

అప్పటినుంచి వజ్రం రామన్ గారిని వదలలేదు. ప్రకృతిలో దొరికే రత్నాలలో అత్యంత కఠినమైనది అదే. మోస్ కొలతలో 10వ స్థానం దానిది. సాంద్రత 3.52. వక్రీభవన గుణకం సుమారు 2.42, మామూలు గాజుకు 1.5 మాత్రమే. ఇందువల్ల వజ్రంలోకి ప్రవేశించిన కాంతి తేలికగా వెనుకవైపు నుంచి బయటపడలేదు. లోపలి తలానికి సుమారు 24 డిగ్రీలు దాటిన కోణంలో తగిలిన కిరణం తిరిగి లోపలికే పరావర్తనం చెందుతుంది. గాజులో ఈ కోణం దాదాపు 42 డిగ్రీలు. సానపట్టేవాడు ముఖాల కోణాలను సరిగా కుదిరిస్తే లోపలికి వెళ్ళిన వెలుగంతా పైనుంచే మన కంటికి చేరుతుంది. ఎరుపు, ఊదా రంగులు వేరువేరు కోణాల్లో వంగడం వల్ల రంగుల మెరుపులు పుడతాయి. నగలో వజ్రం అందమంతా ఈ లెక్కలలోనే ఉంది.

రామన్ గారు మూడు వందలకు పైగా వజ్రాలను సేకరించారు. ఆభరణాల కోసం కాదు, ఒక్కొక్క రాయి స్వభావం చూడటానికి. అతినీలలోహిత కాంతిలో ఉంచితే కొన్ని నీలంగా, కొన్ని పసుపుపచ్చగా వెలిగేవి. కొన్ని అసలు వెలిగేవి కావు. రెండు పోలరాయిడ్ పలకల మధ్య ఉంచితే పూర్తిగా చీకటిగా కనిపించవలసిన వజ్రంలో వెలుగు చారలు కనిపించేవి. రాయి లోపలి ఒత్తిడులకు అవి గుర్తులు. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో 1944లోనూ, 1946లోనూ వజ్రం నిర్మాణం, ధర్మాల మీద వ్యాస సంపుటాలు వెలువడ్డాయి. పన్నా గనుల వజ్రాల ఆకృతులపై ఆయన మేనల్లుడు రామశేషన్ గారి పరిశోధన కూడా ఆ కాలానిదే.

ఇక 1948. వయసు 60. ఇన్‌స్టిట్యూట్ నుంచి విరమించగానే, మైసూరు మహారాజా వారు అకాడమీకి ఇచ్చిన స్థలంలో తన పరిశోధనాలయానికి మారారు. దానికి కావలసిన డబ్బు కోసం ఆయన ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. ప్రభుత్వ గ్రాంటులకు దూరంగా ఉన్నారు. మొదటి రోజుల్లో అక్కడ విద్యుచ్ఛక్తి లేదు. అయినా పని ఆగలేదు. అద్దంతో సూర్యకిరణాన్ని చీకటి గదిలోకి మళ్ళించి, ఒక కటకంతో కేంద్రీకరించి రత్నాలను పరిశీలించారు. ఇటువంటి పనికి ఎండకు మించిన దీపం ఏముంటుంది?

ఆ గదిలో జరిగిన పని తక్కువేమీ కాదు. 1950లో సింహళపు చంద్రకాంత శిలల మీద వ్యాసం వచ్చింది. ఆ రాయిలో రెండు రకాల ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు అతి సన్నగా కలిసి ఉంటాయనీ, వాటి సరిహద్దుల వద్ద కాంతి చెదరడం వల్లనే ఆ వెన్నెల నిగారింపు వస్తుందనీ నేడు మనకు తెలుసు. 1953లో జయరామన్ గారితో కలిసి ఓపల్ మీద, 1954లో కృష్ణమూర్తి గారితో కలిసి ముత్యాల మీద వ్యాసాలు ప్రచురించారు. ముత్యంలో సున్నపు ఖనిజపు పలుచని పలకలు పొరలు పొరలుగా పేరుకొని ఉంటాయి. ఆ పొరల నుంచి తిరిగి వచ్చే కాంతి తరంగాలు కలిసి ముత్యపు ఛాయను సృష్టిస్తాయి.

మరొక మేనల్లుడు పంచరత్నం. పేరులోనే రత్నాలున్న ఈ యువకుడు అయొలైట్ అనే రాయిని తీసుకున్నాడు. అది ఒక వైపు నుంచి చూస్తే నీలం, మరో వైపు నుంచి చూస్తే లేత పసుపు. అటువంటి స్ఫటికాలలో కాంతి ప్రయాణాన్ని లెక్కకట్టే క్రమంలో 1956లో అతడు కనిపెట్టిన సూత్రం దాదాపు మూడు దశాబ్దాల తర్వాత ప్రపంచమంతా మెచ్చుకొన్న పంచరత్నం ఫేజ్. అతడు 1969లో, 35 ఏళ్ళకే మరణించడం మన దురదృష్టం.

అయితే రామన్ గారి వివరణలన్నీ నిలిచాయని చెప్పలేము. వజ్రాలు రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం వాటి స్ఫటిక సౌష్ఠవంలోని తేడా అని ఆయన నమ్మారు. 1959లో కైజర్, బాండ్ అనే శాస్త్రజ్ఞులు అసలు కారణం వజ్రంలో కలిసిన నత్రజని అని చూపారు. వజ్రంలో పరమాణువుల కంపనాల విషయమై మాక్స్ బోర్న్‌తో ఆయనకు దీర్ఘకాలం వాదం నడిచింది. 1960లలో జరిగిన న్యూట్రాన్ ప్రయోగాలు బోర్న్ పక్షాన్నే బలపరిచాయి. ఓపల్ రంగులకు ఆయన చెప్పిన కారణం కూడా మారిపోయింది. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, అందులో ఒకే పరిమాణం గల సిలికా గోళాలు వరుసగా పేర్చి ఉన్నాయని తేల్చారు. రామన్ గారు మాత్రం వజ్రం విషయంలో తన మాటను చివరివరకూ విడువలేదు. 1960 తర్వాత శిష్యులు ఒక్కొక్కరే వేరేచోట్లకు వెళ్ళారు. పరిశోధనాలయంలో ఆయన ఇంచుమించు ఒంటరి అయ్యారు.

దీన్ని దాచిపెట్టడం ఆ మహనీయునికి గౌరవం కాదు. అనుభవం పెరిగేకొద్దీ మన మాట మీద మనకు పట్టు పెరుగుతుంది. ఇది ఆఫీసుల్లోనూ, ఇళ్ళల్లోనూ మనం ఎరిగినదే. కొత్త పరికరం, కొత్త లెక్క వచ్చినప్పుడు పాత అభిప్రాయాన్ని మళ్ళీ తూచుకోవడం నోబెల్ గ్రహీతకే కష్టమైతే మన సంగతి చెప్పాలా? కాని ఆయన కంటితో చూసి నమోదు చేసిన విషయాలు మాత్రం చెక్కు చెదరలేదు. రాళ్ళ వెలుగులు, చారలు, ఛాయలు ఆయన రాసినట్టే ఉన్నాయి. మారినవి వాటికి చెప్పిన కారణాలు.

ఇంకో విశేషం. నేడు రత్న పరీక్షాశాలల్లో రాయికి గీత పడకుండా అసలు నకిలీ తేల్చే ముఖ్య సాధనాల్లో రామన్ స్పెక్ట్రోమీటర్ ఒకటి. గాజుముక్కయినా, క్యూబిక్ జిర్కోనియా అయినా 1332 గీతను చూపలేవు. ప్రయోగశాలలో పెంచిన వజ్రం కూడా నిజమైన కర్బన స్ఫటికమే కాబట్టి అదే గీతను చూపుతుంది. దానిని గని వజ్రం నుంచి వేరు చేయడానికి వేరే పరీక్షలు కావాలి. మనుమరాలి పెళ్ళికి రవ్వల దుద్దులు కొనే మన సభ్యులు ఈ తేడా గుర్తుంచుకుని, ప్రయోగశాల ధృవపత్రం అడిగి తీసుకోవడం మంచిది.

పూల రంగులు, కంటిచూపు మొదలైన విషయాలపై రామన్ గారు చివరిదాకా పని చేస్తూనే ఉన్నారు. 1970 అక్టోబరు 2న తన పరిశోధనాలయంలో గాంధీ స్మారకోపన్యాసం ఇచ్చారు. అదే ఏడాది నవంబరు 21న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఆ ఆవరణలోనే ఆర్భాటం లేకుండా దహనం జరిగింది. ఆ స్థలంలో ఒక చెట్టు నాటారు.

ఆయన సేకరించిన రాళ్ళు, శంఖాలు, సీతాకోకచిలుకలు అక్కడి మ్యూజియంలో భద్రపరిచారు. పదవి పోయాక చేతిలో మిగిలేది ఏమిటన్న ప్రశ్న మనలో చాలామందిని బాధిస్తుంది. అరవై ఏళ్ళ వయసులో కరెంటు లేని గదిలో, ఒక అద్దం, ఒక కటకం, గుప్పెడు రాళ్ళతో రామన్ గారు మళ్ళీ మొదలుపెట్టారు. సంఘ సభ్యులలో ఎవరికి ఏ విషయం మీద ఆసక్తి ఉన్నా, దానిని రేపటికి వాయిదా వేయకుండా చేపట్టాలని కోరుతూ ఈ వ్యాసం ముగిస్తున్నాను.