నమ్మకమైన గృహనిర్వాహకుడు – బిషప్ అజరయ్యగారు

గృహనిర్వాహకత్వము ధనవంతుల సంగతియని మనలో అనేకులు తలంతురు. అది బీదవారికిని చెందునని తెలుగు సంఘములకు నేర్పినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విలై గ్రామములో ఒక గురువుగారి కుమారుడుగా జన్మించిరి. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905లో శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ముఖ్యులైరి. సేవకులు, ధనము, నిర్వహణ మూడును భారతీయులవే కావలెనన్నది వాటి నియమము. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయిరి.

ఆయన అధ్యక్ష ఖండములో అత్యధికులు పల్లెలలోని నిరుపేద కూలీలు. వీరినేమి అడుగగలమని జాలిపడి ఊరకుండుట సులభమే. కాని ఎల్లప్పుడు పుచ్చుకొనుటయే ఎరిగినవాడు సంఘమును తనదిగా ఎంచలేడని ఆయన గ్రహించిరి. కనుక పంటలో ప్రథమ ఫలము, వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యము దేవునికి తెచ్చుట నేర్పిరి. క్రైస్తవ దానమును గురించి గ్రంథము కూడ వ్రాసిరి. దోర్నకల్ కెతీడ్రల్ పని సుమారు 25 ఏండ్లు సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను.

1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. మన సంఘపు లెక్కలు వ్రాయునప్పుడు, ఆస్తులు కాపాడునప్పుడు, ఆ పిడికెడు బియ్యము తెచ్చిన తల్లులను జ్ఞాపకముంచుకొందము. మన చేతిలోనున్నది వారు ఆకలి ఓర్చి ఇచ్చినది.