హాస్కెల్ కర్రీ
హాస్కెల్ బ్రూక్స్ కర్రీ (సెప్టెంబరు 12, 1900 - సెప్టెంబరు 1, 1982) అమెరికాకు చెందిన తర్కశాస్త్రవేత్త. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మిల్లిస్‌లో జన్మించాడు. వైద్యవిద్య చదవదలచి 1916లో హార్వర్డ్‌లో చేరినా గణితం వైపు మళ్ళాడు. చరరాశులు లేని తర్కం కోసం ఆలోచిస్తున్న రోజుల్లో, మోజెస్ షోన్‌ఫింకెల్ 1924లోనే ఆ మార్గం చూపాడని 1927లో గ్రహించాడు. అయినా పని విడువక జర్మనీలోని గోటింగెన్ వెళ్ళి, ఆ విషయం మీదనే 1930లో డాక్టరేటు పొందాడు. 1929 నుండి 1966 వరకు పెన్సిల్వేనియాలో అధ్యాపకుడుగా ఉన్నాడు.

ఆయన జీవితకాలం పరిశోధించిన సంయోజకాలలో 'కె' అనేది రెండు విలువలను గ్రహించి మొదటిదానినే తిరిగి ఇస్తుంది. కనుక రెండవదానిని గణించనే అక్కరలేదు. అవసరమైనంత మేరకే గణించే ఈ పద్ధతిని కంప్యూటరు శాస్త్రంలో లేజీ ఇవాల్యుయేషన్ అంటారు. దీనివలన సహజసంఖ్యల అనంత శ్రేణిని సైతం నిర్వచించవచ్చు; మొదటి 5 సంఖ్యలు అడిగితే ఆ ఐదే లెక్కకు వస్తాయి. ఇటువంటి భాషను సంయోజకాలుగా మార్చి నడిపే పద్ధతిని 1979లో డేవిడ్ టర్నర్ ప్రచురించాడు.

ఈ పద్ధతినే అనుసరించే హాస్కెల్ భాష తొలి నివేదిక 1990లో వెలువడింది. పేరు కర్రీదే గాని రూపకర్తలు వేరు. ప్రమేయం ఒక్కొక్క విలువనే వరుసగా గ్రహించే కర్రీయింగ్‌కు కూడా ఆయన పేరే స్థిరపడింది. న్యాయంగా అది షోన్‌ఫింకెల్‌కు చెందవలసినది; కర్రీ కూడా ఆ ఘనతను అతనికే ఇచ్చాడు.